ఆటలో అరటిపండు: పాతబస్తీ పిల్లల సోపతి, మనోవిజ్ఞాన పరిశోధన

జల్‌పల్లి గల్లీలో ఎండ తగ్గి, గోడ నీడ సగం బాటను కప్పేసరికి పిల్లలు బయటికి వస్తారు. తొమ్మిదేళ్ల అక్క చంకలో ఏడాదిన్నర తమ్ముడు ఉంటాడు. సుద్దముక్కతో గీసిన తొక్కుడుబిళ్ళ గళ్ళ దగ్గర తన వంతు వచ్చేదాకా ఆమె వాణ్ణి దించదు. వంతు రాగానే గడప మీద కూర్చోబెట్టి, ఒంటికాలి మీద గెంతి, బిళ్ళ గీత మీద పడిందా లోపల పడిందా అన్న తగువు తెగకముందే మళ్లీ ఎత్తుకుంటుంది. పక్కనే మూడేళ్ల పిల్ల ఒకతి రెండు కాళ్లతోనూ గళ్ళన్నీ తొక్కేస్తుంది. ఆమెను ఎవరూ ఔట్ అనరు. ఆటలో ఉంది, లెక్కలో లేదు. తెలుగు పిల్లలు ఇలాంటివాళ్లను ‘అరటిపండు’ అంటారు.

ఆ ఒక్క మాటలో పెద్ద సామాజిక ఏర్పాటే ఉంది. చిన్నదాన్ని ఏడిపించి పంపకూడదు, ఆటా చెడకూడదు, అక్కకూ ఆడే వీలుండాలి. ఈ మూడింటినీ ఒకేసారి సాధించే నియమాన్ని పెద్దలెవరూ నేర్పలేదు. పిల్లల నుంచి పిల్లలకే అందుతూ వచ్చింది.

పిల్లలు తోటివారితో ఎలా మెలగడం నేర్చుకుంటారు, ఎవరిని కలుపుకుంటారు, ఎవరిని వెలివేస్తారు, ఆ అనుభవం పెద్దయ్యాక ఏమవుతుంది అని అడిగే శాఖను బాలల సామాజిక వికాస మనోవిజ్ఞానం అంటారు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ శాఖలో జరిగిన పనిలో చాలా భాగం ఒకే ఈడు పిల్లలు ఒకే గదిలో కూర్చునే బడుల్లో జరిగింది. హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణపు అంచున, పహాడీషరీఫ్ దర్గా, షాహీన్‌నగర్, బాలాపూర్‌ల చెంత పెరిగిన జల్‌పల్లిలాంటి చోట పిల్లల లోకం అంత సాఫీగా ఉండదు. ఇల్లు, గల్లీ, సర్కారు బడి, మదరసా, కొందరికి కార్ఖానా. అన్నిటా వేర్వేరు జట్లు, వేర్వేరు వయసులు.

తరగతి గదిలో పుట్టిన కొలతలు

ఈ శాఖకు తొలి గట్టి పునాది నిజానికి వీధి ఆటలోనే పడింది. స్విట్జర్లాండ్ మనోవిజ్ఞానవేత్త జాఁ పియాజే 1932లో ప్రచురించిన పుస్తకం కోసం జెనీవా, న్యూషాటెల్ పిల్లలతో గోళీల గురించి మాట్లాడారు. ఈ నియమాలు ఎవరు పెట్టారు, మార్చవచ్చా అని అడిగారు. చిన్నవాళ్లు నియమాలు పెద్దల నుంచి వచ్చాయని, మార్చితే తప్పని అన్నారు. పది పన్నెండేళ్లకు వచ్చినవాళ్లు అందరూ ఒప్పుకుంటే మార్చవచ్చన్నారు. న్యాయం అనే ఊహ నాన్న గద్దింపు వల్ల కాదు, సమఉజ్జీల మధ్య తగవు తీర్చుకోవడం వల్ల బలపడుతుందని పియాజే వాదించారు. పాతబస్తీలో గోళీలాడే ఏ మూల నిలబడి విన్నా ఈ వాదనకు సాక్ష్యం వినిపిస్తుంది: ఆటకంటే తగువే ఎక్కువసేపు సాగుతుంది.

అదే 1932లో అమెరికాలోని మిన్నెసోటాలో మిల్‌డ్రెడ్ పార్టెన్ నర్సరీ పిల్లల ఆటను గమనించి దశలుగా విడదీశారు. ఒంటరిగా ఆడటం, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వారు ఆడటం, చివరికి పని పంచుకొని కలిసి ఆడటం. రెండేళ్ల తర్వాత జేకబ్ మొరేనో ‘సోషియోమెట్రీ’ని ప్రచారంలోకి తెచ్చారు. నీ పక్కన ఎవరు కూర్చుంటే నీకిష్టం అని ప్రతి పిల్లవాణ్ణీ అడిగి, జవాబులను బాణాలుగా గీస్తే తరగతి మొత్తం ఒక పటంగా కనిపిస్తుంది. ఎక్కువ బాణాలు వచ్చి చేరేవారు కొందరు, ఒక్క బాణమూ రానివారు కొందరు.

1982లో జాన్ కోయి, కెన్నెత్ డాడ్జ్, హైడీ కొప్పొటెల్లి ఈ పద్ధతిని మెరుగుపరిచి పిల్లలను అయిదు రకాలుగా గుర్తించారు: అందరికీ నచ్చేవారు, వెలికి గురైనవారు, ఎవరి కంటా పడనివారు, సగంమందికి నచ్చి సగంమందికి నచ్చనివారు, మామూలువారు. ఇందులో విలువైన సంగతి రెండో, మూడో రకాల మధ్య తేడా. ఎవరూ పేరెత్తని పిల్లవాడూ, అందరూ ‘వాడొద్దు’ అనే పిల్లవాడూ పైకి ఒకేలా ఒంటరిగా కనిపిస్తారు. కానీ ముందు ముందు బడి మానేయడం, గొడవల్లో పడటం వంటి కష్టాలు రెండోవాడికే ఎక్కువ. డాడ్జ్ మరో మెట్టు ముందుకు వెళ్లారు. ఎవరో తగిలి చేతిలోది కింద పడితే అది పొరపాటా, కావాలని చేసిందా అని తేల్చుకోవాల్సిన క్షణంలో దూకుడు పిల్లలు ‘కావాలనే’ అని చదువుకుంటారని 1980లో చూపించారు. తగువు చేతుల్లో మొదలయ్యేలోపే చూపులో మొదలవుతుందన్నమాట.

హ్యారీ స్టాక్ సలివన్ అనే వైద్యుడు ఇంకో దిక్కు నుంచి వచ్చారు. ఎనిమిది తొమ్మిదేళ్లు దాటాక పిల్లలకు ఒక్క ప్రాణస్నేహం ఏర్పడుతుందని, తన సుఖం కంటే మరొకరి సుఖాన్ని పట్టించుకోవడం అప్పుడే మొదటిసారి తెలుస్తుందని ఆయన చెప్పారు. ఆయన మరణించాక 1953లో వచ్చిన పుస్తకంలో ఈ ఆలోచన ఉంది. మన దగ్గర ‘సోపతి’ అనే మాటకున్న బరువు సరిగ్గా ఇదే.

తెలుగు పిల్లలకు తమ సోషియోమెట్రీ తమకుంది. ‘నీతో జట్టు’, ‘నీతో కటీఫ్’. జట్టు కట్టడం, తెగడం అందరి ముందూ ప్రకటించి చేస్తారు, సాయంత్రానికి మళ్లీ కలుస్తారు. ప్రశ్నపత్రంతో ఒక ఉదయం వచ్చి వెళ్లే పరిశోధకుడికి ఆ రోజు కటీఫ్ మాత్రమే దొరుకుతుంది.

చంకలో తమ్ముడు

ఒకే ఈడు తరగతి మీద ఆధారపడిన ఈ కొలతలు ఎంతవరకు పనికొస్తాయన్న ప్రశ్నను మానవశాస్త్రం ముందు లేవనెత్తింది. జాన్ వైటింగ్, బియాట్రిస్ వైటింగ్ దంపతులు నడిపిన ‘ఆరు సంస్కృతుల’ అధ్యయనంలో ఒక చోటు భారతదేశంలోనిదే. ఉత్తరప్రదేశ్‌లో ఖాలాపూర్ అని పిలిచిన ఊళ్లో లీ మింటర్న్, జాన్ హిచ్‌కాక్ రాజపుత్ర కుటుంబాలను గమనించారు. తర్వాత 1988లో బియాట్రిస్ వైటింగ్, కరొలిన్ ఎడ్వర్డ్స్ కలిసి రాసిన పుస్తకంలోని వాదన సూటిగా ఉంటుంది: పిల్లలు ఎవరి మధ్య గడుపుతారో అలా తయారవుతారు. తమకంటే చిన్నవాళ్లతో ఉన్నప్పుడు సాకే గుణం, సమవయస్కులతో ఉన్నప్పుడు పోటీ, దెబ్బలాట బయటపడతాయి. థామస్ వైస్నర్, రొనాల్డ్ గాలిమోర్ 1977లోనే, లోకంలో చాలా సమాజాల్లో చిన్నపిల్లలను సాకేది అక్కలూ అన్నలేనని గుర్తుచేశారు.

జల్‌పల్లి గళ్ళ దగ్గరి అక్కను ఈ వెలుగులో చూడాలి. ఆమెను తరగతిలో సోషియోమెట్రీ ప్రశ్న అడిగితే ముగ్గురి పేర్లు చెబుతుంది. కానీ ఆమె సాయంత్రమంతా ఆ ముగ్గురితో గడవదు. తమ్ముడితో, పెద్దమ్మ కూతురితో, ఎదురింటి అరటిపండుతో గడుస్తుంది. ఆమె నేర్చుకునే ఓర్పు, పెత్తనం, బుజ్జగింపు తరగతి పటంలో ఏ బాణంగానూ కనిపించవు. ఇది ఆమె బాల్యం మీద భారమే. ఆడపిల్ల కాబట్టి ఆ భారం ఆమెకు ముందుగా వచ్చిందనీ మరిచిపోకూడదు. కానీ భారం ఉన్నంత మాత్రాన అందులో చదువు లేదనుకుంటే ఆమెకు రెండోసారి అన్యాయం చేసినట్టే.

హైదరాబాద్‌లోని ఒక నర్సరీ బడిని దగ్గరగా గమనించి రాధికా వీరూరు 2001లో రాసిన పుస్తకం కూడా ఇలాంటి చోటే నిలబడుతుంది. ఇరుకు గది, ఒకరికొకరు ఆనుకుని కూర్చునే పిల్లలు, కలగలిసిన భాషలు. పశ్చిమ దేశాల శిశువిద్య దీన్ని లోటుగా లెక్కిస్తుంది. ఆ లెక్కనే ఆమె ప్రశ్నించారు.

కాకర్, బొమ్మలు, 1990

పాతబస్తీ పిల్లల విషయంలో పేరున్న మనోవిజ్ఞానవేత్త ఒకరు స్వయంగా వచ్చి చేసిన పని ఏదంటే సుధీర్ కాకర్‌ది చెప్పుకోవాలి. 1938లో నైనితాల్‌లో పుట్టిన కాకర్ మొదట ఇంజనీరింగు, తర్వాత అర్థశాస్త్రం చదివారు. 1964లో అహ్మదాబాద్‌లో ఎరిక్ ఎరిక్‌సన్‌ను కలవడం ఆయన దారి మార్చింది. గాంధీ మీద పుస్తకానికి వివరాలు సేకరిస్తున్న ఎరిక్‌సన్ బాల్యం, సమాజం కలిసే చోటును వెతికిన మనిషి. కాకర్ ఆయన దగ్గర హార్వర్డ్‌లో సహాయకుడిగా పనిచేశారు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మనోవిశ్లేషణలో శిక్షణ పొంది ఢిల్లీలో వైద్యం మొదలుపెట్టారు. భారతీయ బాల్యం మీద ఆయన రాసిన ‘ది ఇన్నర్ వరల్డ్’ 1978లో వచ్చింది. తల్లి ఒడి చుట్టూ తిరిగే తొలి ఏళ్ల నుంచి మగపిల్లవాడు హఠాత్తుగా మగవాళ్ల లోకంలోకి వెళ్లడాన్ని ఆయన అందులో రెండో పుట్టుకగా చూశారు. ఆయన 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

1990 డిసెంబరులో హైదరాబాద్‌లో మతకలహాలు చెలరేగాయి. వందల ప్రాణాలు పోయాయి, పాతబస్తీలో రోజుల తరబడి కర్ఫ్యూ నడిచింది. ఆ తర్వాత కాకర్ ఇక్కడికి వచ్చి, పార్దీవాడలోని పార్దీలతో, కార్వాన్‌లోని ముస్లింలతో మాట్లాడారు. దాని ఫలితమే 1990ల మధ్యలో వచ్చిన ‘ది కలర్స్ ఆఫ్ వయొలెన్స్’. దేశవిభజన కాలపు బంధువుల కథలు విన్న తన చిన్నతనం నుంచే ఆ పుస్తకాన్ని మొదలుపెట్టడం గమనించదగ్గది. పగ చిన్నతనంలో ఎలా వారసత్వంగా అందుతుందో తెలుసుకోవాలన్నది ఆయన సొంత ప్రశ్న కూడా.

పెద్దవాళ్లను ప్రశ్నలు అడిగారు. పిల్లల విషయానికి వచ్చేసరికి కాకర్ బొమ్మలు తెచ్చారు.

ఆ పద్ధతి గురువుది. కాలిఫోర్నియాలో ఎరిక్‌సన్ అబ్బాయిలకు, అమ్మాయిలకు బల్ల మీద బొమ్మలు పెట్టి, సినిమాలో వచ్చే ఉత్కంఠ సన్నివేశమొకటి కట్టమన్నారు. అమ్మాయిలు ఎక్కువగా ఇంటి లోపలి దృశ్యాలు, అబ్బాయిలు గోపురాలు, వీధులు, ప్రమాదాలు కట్టారు. కాకర్ హైదరాబాద్‌లో ఆ బొమ్మల్ని మార్చారు. చూడగానే హిందువని, ముస్లిమని గుర్తుపట్టగల బొమ్మలు అందులో చేర్చారు. ఇక్కడ పిల్లవాడు నోటితో అభిప్రాయం చెప్పనక్కరలేదు. టోపీ పెట్టుకున్న బొమ్మను బొట్టు పెట్టుకున్న బొమ్మ పక్కన నిలబెడతాడా, గోడకు అవతల పెడతాడా, అసలు పెట్టెలోనే వదిలేస్తాడా? చేయి ఎక్కడ ఆగిందో, ఏది ముందు తీసిందో, అదంతా జవాబే. పెద్దల ముందు పిల్లలు చెప్పే తయారు జవాబులు పక్కకు జరిగిపోతాయి. పరిశోధనలో నిజాయితీ అంటే ఇది. ప్రశ్నను పిల్లవాడి ఎత్తుకు దించి, నేల మీద కూర్చుని చూడటం.

పగ పిల్లల్లోకి ఎలా చేరుతుందన్నదానికి కాకర్ ఇచ్చిన సమాధానం తోటిపిల్లల సంబంధాల శాస్త్రానికి కొత్త పొర కలిపింది. వమిక్ వొల్కాన్ అనే మనోవిశ్లేషకుడి ఆలోచనను ఆయన వాడుకున్నారు. పసితనంలో తనలోని కోపం, అసహ్యం, భయం భరించలేని పిల్లవాడు వాటిని బయట ఎక్కడో దాచాలి. ఎక్కడ దాచాలో తన సమూహం చూపిస్తుంది: అవతలివాళ్ల తిండిలో, బట్టలో, గుడిలో, మసీదులో. ‘వాళ్లు మురికివాళ్లు’ అన్న మాట వినేనాటికే దాన్ని పోసుకునే పాత్ర లోపల తయారై ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ పాత్ర మూత పెట్టి ఉంటుంది. పిల్లలు కలిసి ఆడతారు, పెద్దలు కలిసి వ్యాపారం చేస్తారు. అల్లర్ల రోజున ‘నేను’ వెనక్కి పోయి ‘మేము’ ముందుకొస్తుంది. డాడ్జ్ చెప్పిన ‘కావాలనే చేశాడు’ అన్న చూపు ఒక్క పిల్లవాడిది. కాకర్ చూపించింది ఒక వాడకు వాడే అలా చూసే రోజు.

1990 తర్వాత చాలా కుటుంబాలు తమవాళ్లు ఎక్కువగా ఉండే వాడలకు మారాయి. అందులో కొందరు పాతబస్తీ దక్షిణ అంచులకు చేరారు. చవకగా దొరికే స్థలం కూడా అటే లాగింది. జల్‌పల్లి 2016లో మున్సిపాలిటీ అయింది. ఇళ్లు దగ్గరయ్యాయి, కానీ కొత్త గల్లీల్లో పెరిగే పిల్లవాడికి అవతలి మతం పిల్లవాడు ఎదురయ్యే సందర్భాలు తాతల కాలం కంటే తగ్గాయి. తోటివాళ్లు ఎవరన్నది ఇక్కడ ఇంటి అద్దె, భయం కలిసి నిర్ణయిస్తాయి.

మూడు వేలమంది బాల్యం

కాకర్ పని లోతున్నది, కానీ ఒక కాలానికి చెందినది. ఏళ్ల తరబడి అదే పిల్లల వెంట నడిచిన పని ‘యంగ్ లైవ్స్’. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ఈ అధ్యయనం 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. నాలుగు దేశాల్లో 12,000 మంది పిల్లలు. మన దగ్గర సుమారు 3,000 మంది: 2001-02లో పుట్టినవారు రెండు వేలు, 1994-95లో పుట్టినవారు వెయ్యి. కోస్తా, రాయలసీమ, తెలంగాణల్లో ఎంచుకున్న చోట్లలో హైదరాబాద్ నగరమూ ఉంది. హైదరాబాద్‌లోని సెస్, అంటే ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం, సర్వే పని చూసింది. తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయానికి చెందిన ఉమా వెన్నం బృందం పిల్లలతో కూర్చుని మాట్లాడే పని చూసింది. బాగున్న పిల్లవాడు ఎలా ఉంటాడో, బాగాలేని పిల్లవాడు ఎలా ఉంటాడో బొమ్మ గీయించి, ఆ బొమ్మ మీదే సంభాషణ నడిపే పద్ధతి వాళ్లది.

ఇందులో తోటిపిల్లల వేధింపు మీద 2016లో యునిసెఫ్ ఇన్నొచెంటి తరఫున వచ్చిన విశ్లేషణ చదవడానికి కష్టంగా ఉంటుంది. పదిహేనేళ్ల వయసులో మన పిల్లల్లో 28 శాతం మంది తమను అవమానించారని, జట్టులోంచి తోసేశారని చెప్పారు. నాలుగో వంతు మంది మాటల వేధింపు, 20 శాతం మంది కొట్టడం గురించి చెప్పారు. మగపిల్లల మీద చేయి, నోరు లేస్తే, ఆడపిల్లలను ఎక్కువగా ఒంటరిని చేస్తారు. అన్నిచోట్లా పేదింటి పిల్లలకే ముప్పు ఎక్కువ. చిరిగిన చొక్కా, లేని చెప్పు, ఫీజు కట్టని పేరు తరగతిలో గట్టిగా చదవడం లాంటివి వెలివేతకు సాకులవుతాయి. పదిహేనేళ్లప్పుడు వేధింపుకు గురైనవారికి పంతొమ్మిదేళ్లకు తమ మీద తమకు నమ్మకం, తల్లిదండ్రులతో, స్నేహితులతో సంబంధాలు తక్కువగా ఉన్నాయి.

మన బడుల్లో దీన్ని ‘పిల్లలన్నాక కొట్టుకుంటారు’ అని తీసేసే అలవాటు ఉంది. ఆ అలవాటు తప్పు. నాలుగేళ్ల తర్వాత కూడా చెరగని దాన్ని అల్లరి అనలేం.

అదే అధ్యయనంలో వర్జీనియా మారో, ఉమా వెన్నం పత్తి విత్తనాల చేలలో పనిచేసే పిల్లల గురించి రాశారు. పత్తి పూలను చేత్తో పరాగ సంపర్కం చేసే రోజుల్లో ఆడపిల్లలు బడి మాని చేలకు పోతారు. కష్టం, ఎండ, మందుల వాసన ఉన్నా, పిల్లలు ఆ పనిని స్నేహితులతో కలిసి వెళ్లే చోటుగా కూడా చెబుతారు. పాతబస్తీ గాజుల కార్ఖానాలకూ ఈ కోణం కావాలి. 2015 జనవరిలో పోలీసులు సోదాలు చేసినప్పుడు బీహారు నుంచి తెచ్చిన పిల్లలు రెండు వందలకు పైగా బయటపడ్డారు. ఇల్లు వదిలి, చీకటి గదిలో లక్క వేడి దగ్గర కూర్చున్న పిల్లవాడికి పక్కనున్న మరో పిల్లవాడే బంధువు. విడిపించి ఇంటికి పంపేటప్పుడు ఆ జతను గుర్తించిన కాగితం ఏదైనా ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు.

సిగ్గు రోగమా, మర్యాదా?

కొన్ని గుణాలకు విలువ కట్టేది కాలం, చోటు. చైనా మూలాలున్న మనోవిజ్ఞానవేత్త షిన్‌యిన్ చెన్ షాంఘైలో 1990లో బిడియం ఉన్న పిల్లలను తోటివారు ఇష్టపడ్డారని, ఉపాధ్యాయులు మెచ్చుకున్నారని చూపించారు. కెనడాలో అలాంటి పిల్లలు వెనకబడ్డారు. అయితే మార్కెట్టు దూసుకొచ్చిన తర్వాత, 2002 నాటికి, షాంఘైలోనూ బిడియస్తులు తోటివారి తిరస్కారానికి గురయ్యారు. పుష్కరం గడిచేసరికి ఒకే నగరంలో ఒకే గుణానికి విలువ తలకిందులైంది.

పాతబస్తీలో ‘శరం’ ఉన్న పిల్ల అంటే మెచ్చుకోలు. అదే పిల్ల ఇంగ్లిష్ మీడియం బడిలో చేయి ఎత్తదని రిపోర్టు కార్డు మీద రాస్తారు. ఆమె ఒక్కతే, కొలతలే రెండు. ఇక పన్నెండు, పదమూడేళ్లు వచ్చాక గల్లీ ఆట ఆమెకు మూతపడుతుంది. బరోడాకు చెందిన టి.ఎస్. సరస్వతి 1999లో భారతదేశంలో కౌమారం నిజంగా ఉందా అని అడిగినప్పుడు, పేదింటి ఆడపిల్లలు బాల్యం నుంచి నేరుగా పెద్దరికంలోకి అడుగుపెట్టడమే ఆమె మనసులో ఉంది. సలివన్ చెప్పిన ప్రాణస్నేహం మొదలయ్యే ఈడుకు, గడప దాటొద్దనే ఈడుకు మధ్య ఈ పిల్లలకు దొరికేది మూడు, నాలుగేళ్లే.

ఒకే జట్టులో ఉంటే

దూరమైన పిల్లలు దగ్గరైతే ఏమవుతుంది? గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిన షరతులు ప్రసిద్ధం: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, పైవాళ్ల మద్దతు. భారతదేశంలో దీనికి రెండు మంచి పరీక్షలు జరిగాయి, రెండూ అర్థశాస్త్రవేత్తలవే. ఢిల్లీ ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు సీట్లు ఇచ్చాక ధనిక పిల్లల్లో వచ్చిన మార్పును గౌతమ్ రావు కొలిచారు. 2019లో వచ్చిన ఆయన వ్యాసం ప్రకారం పేద సహాధ్యాయులున్న పిల్లలు ఎక్కువ ఉదారంగా ఉన్నారు, పందెంలో భాగస్వామిని ఎంచుకునేటప్పుడు పేద పిల్లల పట్ల తక్కువ వివక్ష చూపారు. మాట్ లో ఉత్తరప్రదేశ్ పల్లెల్లో క్రికెట్ లీగులు పెట్టి, కులాలు కలిసిన జట్లు, కలవని జట్లు తయారుచేశారు. 2021లో వచ్చిన ఫలితం: ఒకే జట్టులో ఆడినవారి మధ్య కులాలు దాటిన స్నేహాలు పెరిగాయి, ప్రత్యర్థులుగా ఎదురైనవారి విషయంలో అలా జరగలేదు. కలవడం ఒక్కటే చాలదు, ఏ పక్కన నిలబడి కలిశామన్నది ముఖ్యం.

పాతబస్తీలో ఈ రెండు రకాల కలయికలనూ ఏటా జనవరిలో మిద్దెల మీద చూడవచ్చు. సంక్రాంతికి ధూల్‌పేట పతంగులు, మాంజా అన్ని వాడలకూ చేరతాయి. హిందువుల పండగే అయినా పతంగి ఎగరేసే చేతులకు మతం లేదు. ఒక మిద్దె మీంచి మరో మిద్దె పతంగిని కోసినప్పుడు ‘అఫా’ అని కేక లేస్తుంది. అది ప్రత్యర్థుల కలయిక. అదే మిద్దె మీద, కేక వేసే పెద్దవాడి వెనక, దారం చుట్టిన చరఖ్ పట్టుకుని ఒక చిన్నవాడు నిలబడి ఉంటాడు. దారం వదలాలో చుట్టాలో వీపు చూసి తెలుసుకుంటాడు. గెలుపు లెక్కలో వాడి పేరుండదు. వాడు దారం బిగపట్టి నిలిపేస్తే పై పతంగి కదలదు.